అక్క నెత్తురులో కనబడింది

మా అక్క యేసమ్మ కడుపు ఆపరేషన్ చేయించుకుని పట్నం నుంచి తిరిగి వచ్చాక, నడవగలిగిన మొదటి ఆదివారమే బోధన్‌లోని మా గుడిలో నిలబడి సాక్ష్యం చెప్పింది. మా మెథడిస్టు సంఘంలో అది ఆనవాయితీ. దేవుడు ఎవరికైనా మేలు చేస్తే ఆరాధన మధ్యలో లేచి ఆ మేలు నలుగురి ముందూ చెప్పుకోవాలి. ఎవరైనా మరిచిపోతే పెద్దలు గుర్తుచేసి మరీ చెప్పిస్తారు.

అక్క ఎక్కువ మాట్లాడలేదు. "నా పేగుల క్యాన్సర్ గడ్డ లేసింది. పట్నంల కోసి తీసిండ్రు. బతికిస్తే బీడీ తాగనని మొక్కుకున్న. దేవుడు నన్ను లేపిండు. గా బీడీని నా నోట్లకెళ్లి ఆయనే గుంజి పారేసిండు. ఆయనకే స్తోత్రం" అని కూర్చుంది.

ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. పాస్టరు అయ్యగారు అక్క పేరు చెప్పి ప్రత్యేకంగా ప్రార్థన చేశారు. బయటికి వచ్చాక, వెనుకటికి చెరుకు బండి తోలిన ఎర్రయ్య తాత నా భుజం పట్టుకుని, "నా నోట్లది ఎందుకు గుంజుతలేడో జర మీ అక్కను దేవుణ్ణి అడుగమను" అన్నాడు. అందరం నవ్వాం.

అక్క బీడీలు చేసి బతికే మనిషి. ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన ఆకు, తంబాకు, దారం. పక్కింటి ఖైరున్నిసా, అక్క ఇద్దరూ పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా చేతులు ఆడుతూనే ఉండేవి. మా రాకాసిపేటలో బీడీలు చేసే ఆడవాళ్లలో సగం మంది తాగుతారు కూడా. అక్క చిన్నప్పుడే అలవాటు చేసుకుంది. మానేసిందంటే నేను నమ్మాను. బట్టల్లో తంబాకు వాసన ఉండేది గానీ, బీడీలు చేసే మనిషి దగ్గర ఆ వాసన లేకుంటేనే వింత.

నన్ను పెంచింది అక్కే. మా అవ్వ నన్ను కన్న కొద్ది రోజులకే పోయింది. అక్కకు పెళ్లయింది గానీ పిల్లలు కలగలేదు. రెండుసార్లు కడుపు నిలిచినా పోయింది. బావ చనిపోయాక మా వాకిట్లోనే ఒక అర్ర, చిన్న గది, వేసుకుని ఉంటోంది. నేను మిషన్ బడిలో ఏడో తరగతి దాకా చదివి, షుగర్ ఫ్యాక్టరీలో చెరుకు తూచే కాటా దగ్గర పని చేస్తున్నాను. నాకు తెలిసిన లోకం ఇంతే. అందుకే అక్క జబ్బు పుణ్యమా అని నేను విన్నదీ చూసిందీ నా బుద్ధికి పెద్దదైపోయింది.

ఆపరేషన్ హైదరాబాదులో జరిగినా, ఆ తరువాత చూపించుకోవడం నిజామాబాదులో జహూర్ డాక్టరు గారి దగ్గర. గడ్డను మొదట చేత్తో తడిమి కనిపెట్టింది ఆయనే. పెద్ద చదువు చదివిన మనిషి, మాటలో మాత్రం మా లాగే. ఆయన స్నేహితుడొకరు బొంబాయిలో పెద్ద ల్యాబులో ఉన్నారు. ఆపరేషన్‌కు ముందే జహూర్ సాబ్ అక్క నెత్తురు తీసి, మంచు నింపిన ఫ్లాస్కులో పెట్టి, తెలిసినవాళ్ల చేత రైల్లో బొంబాయికి పంపారు. అది డెబ్బై ఏడో సంవత్సరం. అటువంటి పరీక్ష ఈ చుట్టుపక్కల ఎవరూ విని ఉండలేదు.

ఆపరేషన్ అయిన తరువాత రెండోసారి నెత్తురు తీసి పంపారు. దాని ఫలితం చెప్పడానికి మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "దీన్ని సి.ఇ.ఎ. అంటరు" అన్నారు. "పేగుల క్యాన్సర్ ఉన్నోళ్లల్ల శానామందికి నెత్తురుల గిది పెరుగుతది. ఆపరేషన్‌కు ముందు నీకు బాగ ఎక్కువ ఉండె. ఇప్పుడు దిగిపోయింది. అంటే గడ్డ మొత్తం పోయినట్టే అనుకోవచ్చు. మళ్ల పెరిగిందనుకో, యాడనో లోపల తిరిగి మొలుస్తున్నదేమోనని మనం ముందుగాల్నే తెలుసుకుంటం."

"కడుపు తెరవకుంటనే?" అన్నాను.

"తెరవకుంటనే."

నాకు ఫ్యాక్టరీ ల్యాబు గుర్తుకొచ్చింది. పొలంలోంచి నాలుగు గడలు తెచ్చి, రసం పిండి, ఒక్క చుక్క అద్దం మీద వేసి కంటికి పెట్టుకుని, ఆ పొలం కోతకు వచ్చిందో లేదో చెబుతారు. అది నాకు మొదట్నుంచీ ఆశ్చర్యమే. కానీ చెరుకు చేను చెరుకు చేనే. మనిషి లోపల చీకట్లో ఏం జరుగుతోందో ఒక్క సీసా నెత్తురు బొంబాయి దాకా పోయి చెప్పి రావడం నా మనసుకు అందలేదు.

"మరి గది మాములు మనుషులల్ల ఉండదా, సాబ్?" అని అడిగింది అక్క.

"జరంత ఉంటది, లెక్కల్లోకి రానంత. అసలు ముచ్చట చెప్తే నువ్వు నమ్మవమ్మా." ఆయన ముందుకు వంగారు. "తల్లి కడుపుల బిడ్డ ఉంటది చూడు, గా బిడ్డ పేగులు తయారయ్యేటప్పుడు ఈ పదార్థం బాగ ఉంటది. పుట్టే టైముకు దాని పని అయిపోతది. తర్వాత దాదాపు కనబడదు. మళ్ల ఎన్నో ఏండ్లకు, పేగుల క్యాన్సర్ వస్తే, గదే లేసొస్తది."

అక్క ముఖం ఎలాగో అయిపోయింది. "నాకు పిల్లలు కాలేదు సాబ్. బిడ్డది నాల యాడికెళ్లొచ్చింది?"

"నీ బిడ్డది కాదమ్మా. నీదే. నువ్వు మీ అవ్వ కడుపుల ఉన్నప్పటిది."

బయట ఖలీల్‌వాడి రోడ్డు మీద రిక్షాల గంటలు వినబడుతున్నాయి. అక్క తన చేతిని, సూది గుచ్చిన చోటును, కొత్తగా చూసినట్టు చూసుకుంది. "మా అవ్వ కడుపులది" అంది తనలో తాను. "మా అవ్వ ముఖమే నాకు సరిగ యాదికి లేదు. గది మాత్రం నాలనే ఉన్నదా ఇన్నొద్దులు."

తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చుని నేను అదే ఆలోచించాను. దేవుడు మనల్ని తల్లి గర్భంలో అల్లుతాడని చిన్నప్పటినుంచీ నమ్మినవాణ్ణి. అల్లేటప్పుడు వాడిన దినుసును ఆయన పూర్తిగా తీసేయకుండా ఎందుకు వదిలాడు? జబ్బు దానిని ఎలా పసిగట్టింది? ప్రాణం పోయడానికి ఉన్నది ప్రాణం తీసేదాని వెంట ఎందుకు రావాలి? ఫిర్యాదుగా అడగలేదు. పెద్దవాళ్ల పనిని పక్కన నిలబడి చూసేవాడు అడిగినట్టు అడిగాను. ప్రశ్న అడిగినందుకు భయం వేయలేదు.

ఆ తరువాత కొన్ని నెలలకోసారి నెత్తురు ఇస్తూ వచ్చింది అక్క. ఒకసారి బాగానే ఉంది. తరువాతిసారి ఫలితం వచ్చినప్పుడు జహూర్ సాబ్ నవ్వలేదు.

"కొంచెం పెరిగింది" అన్నారు. "మరీ ఎక్కువ కాదు. కానీ పెరగొద్దు."

అక్కను పడుకోబెట్టి కడుపంతా తడిమారు. కాలేయం దగ్గర నొక్కి నొక్కి చూశారు. ఎక్కడా ఏమీ తగల్లేదు. "చేతికి దొరికేదాకా ఆగితే ఆలస్యమైతది. గీ నెత్తురు గుర్తు పెరిగితే మళ్ల కడుపు తెరిచి వెతకాల్నని అమెరికాల కొందరు డాక్టర్లు అంటున్నరు. పట్నంల మనకు కోసిన సర్జన్‌కు ఫోన్ చేసిన. ఆయన కూడ గదే అంటున్నడు."

అక్క చీర సర్దుకుని లేచి కూర్చుంది. మొదటి ఆపరేషన్ తరువాత ఆమె ఎలా ఉందో నాకు తెలుసు. కుట్లు చీము పట్టి, జ్వరం దిగక, ఎముకల గూడైపోయింది. ఇంకోసారి కోస్తే తట్టుకుంటుందన్న నమ్మకం నాకు లేదు. సాబ్‌కూ లేదని ఆయన ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"ఇంకొక్క మాట" అన్నారు ఆయన. "బీడీ తాగుతదా? పొగ తాగేటోళ్లకు జబ్బు లేకున్నా గిది జర పెరిగి ఉంటది. అందుకే అడుగుతున్న."

"లేదు సాబ్" అన్నాను నేను, కొంత గర్వంగానే. "మానేసింది. గుడిల సాక్ష్యం గూడ చెప్పింది."

ఆయన అక్క వైపు చూశారు. అక్క తల వంచుకుని కొంగు అంచును వేలికి చుట్టుకుంటోంది. ఆడమనిషిని రెండోసారి అడగడం బాగుండదనుకున్నారేమో, "సరే మరి, తయారు కండ్రి" అని పట్నం సర్జన్‌కు చీటీ రాసిచ్చారు.

ఇంటికి వచ్చాక అక్క మాట తగ్గించేసింది. చాట ముందు కూర్చుంటుంది గానీ చేతులు ఆడవు. ఖైరున్నిసా ఊరుకునే రకం కాదు. "ఏమక్కా, ఆకు ఎండిపోతున్నది, నీ నోరు గూడ ఎండిపోయిందా?" అనేది. అక్క పలకకపోతే గొణుక్కుంటూ తన పని తాను చేసుకునేది. నేను ఇదంతా ఆపరేషన్ భయమనుకున్నాను. మా ఆవిడ శారమ్మ అక్కకిష్టమైన జొన్నరొట్టె, పుంటికూర చేసి పెడితే ఆమె రెండు తునకలు తిని పక్కకు జరిపేది.

పట్నం ప్రయాణానికి ముందు వచ్చే ఆదివారం సంఘమంతా అక్క కోసం ఉపవాస ప్రార్థన పెట్టుకున్నారు. చందూర్, వర్ని వైపు నుంచి కూడా బంధువులు వచ్చారు. గుడి నిండిపోయింది. ఖైరున్నిసా బురఖా ముసుగు వెనక్కి వేసుకుని గుమ్మం దగ్గరే నిలబడింది. లోపలికి రమ్మంటే, "మీ అల్లాకు ఈడికెళ్లి గూడ వినబడతది గద" అంది.

అయ్యగారు అక్కను ముందుకు పిలిచి, "మన సహోదరి యేసమ్మ గొప్ప సాక్షి. ఆమె మీద చేతులుంచి ప్రార్థన చేద్దాం" అన్నారు. పెద్దలు లేచారు. అక్క రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"ఆగుండ్రి అయ్యగారూ. ఇంకా మొదలువెట్టకుండ్రి."

గుడిలో విసనకర్రలు ఆగిపోయాయి.

"నేను బీడీ తాగుతున్న" అంది అక్క. గొంతు చిన్నదే గానీ ప్రతి మాటా వినబడింది. "సాక్ష్యం చెప్పినప్పుడు అబద్ధం చెప్పలే. అప్పుడు మానిన. నిజంగనే మానిన. కానీ పొద్దంత చేతుల్ల తంబాకు వెట్టుకొని ఎట్ల ఉండాలె? చలికాలంల మళ్ల వట్టిన. ఖైరూ వాళ్ల దొడ్లె కూసొని తాగుతున్న. నలుగురి ముంగట దేవుడు తీసేసిండని చెప్పిన నోటితోని, దేవుడు తీసేసినంక నేనే మళ్ల తెచ్చుకున్ననని ఎట్ల చెప్పాలె? చెప్తే నా సాక్ష్యం పోతది, దేవుని పేరు పోతది అనుకున్న."

గుమ్మం దగ్గర నుంచి ఖైరున్నిసా గట్టిగా, "అగ్గిపెట్టె నాదే!" అంది. అది తప్పు ఒప్పుకోవడమో, అక్కకు తోడు నిలబడడమో ఎవరికీ అర్థం కాలేదు.

"డాక్టర్ సాబ్ బీడీ తాగుతదా అని అడిగిండు" అని అక్క నా వైపు తిరిగింది. "నువ్వు లేదన్నవు తమ్మీ. నువ్వు నన్ను నమ్మినవు. నేను నోరు విప్పలే. కడుపు కోపిచ్చుకుంట గని గీ మాట చెప్పనని కూసున్న. రాత్రి పండుకుంటే ఒక్కటే అనిపిస్తది. నేను దాచిపెట్టినదాన్ని నా నెత్తురు దాచిపెట్టలే. బొంబాయి దాక పోయి చెప్పొచ్చింది. ఇగ దేవుని ముంగట నేనెవర్ని దాచిపెట్టనీకి?"

అందరం ఆమె వైపే చూస్తున్నాం. కోపంగా కాదు. ఆమె శరీరమే ఆమెకు ఎదురు నిలబడి సాక్ష్యం చెప్పిందన్న మాట అందరి మనసుల్లోకీ నెమ్మదిగా దిగుతోంది.

ముందుగా నోరు తెరిచింది ఎర్రయ్య తాత. "అయ్యగారూ, నా నెత్తురు మటుకు బొంబాయికి పంపకుండ్రి" అన్నాడు. నవ్వు ఆగక కొందరు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. అయ్యగారు కూడా తల దించుకున్నారు. తల ఎత్తేసరికి ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. "అమ్మా, ఇదే నిజమైన సాక్ష్యం. ఇప్పుడు ప్రార్థన చేద్దాం" అన్నారు.

మరునాడే నేను నిజామాబాదు పోయి జహూర్ సాబ్‌కు సంగతి చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "యా ఖుదా" అని నుదురు కొట్టుకున్నారు.

"చూడు పేతురూ, గిది పొగతోని పెరిగిందని నేను ఒట్టు వెయ్యలేను. గడ్డ మళ్ల మొలుస్తుండొచ్చు కూడ. ఆగితే గది పెరుగుతది. ఆగకుంటే ఉత్తగ కోసినోళ్లమైతం. కొన్ని వారాలు బీడీ పూర్తిగ బంద్ వెట్టి మళ్ల నెత్తురు పంపుదాం. దిగితే పొగదే. దిగకుంటే ఇగ ఆగొద్దు."

పట్నం సర్జన్ ఒప్పుకోవడానికి ఇష్టపడలేదు. జహూర్ సాబ్ ఫోన్‌లో ఉర్దూలో చాలాసేపు నచ్చజెప్పారు.

ఆ వారాలు మా ఇంట్లో ఎలా గడిచాయో చెప్పడం కష్టం. అక్క చాట పక్కన పెట్టేసింది. మొదటి కొద్దిరోజులు తలనొప్పి, చెమటలు, ఎవరు పలకరించినా కసురుకోవడం. శారమ్మ మీద గిన్నె విసిరింది. తరువాత తనే వెళ్లి శారమ్మ కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. ఖైరున్నిసా కూడా అక్క కోసం బీడీ మానింది. మానడమంటే అక్కకు కనబడకుండా తాగడమే. రోజూ వచ్చి అక్క ముందు కూర్చుని సోంపు నములుతూ, "నోట్ల పెట్టుకోనీకి ఏదో ఒకటి ఉండాలె గద, గీ సోంపే మన బీడీ" అని నవ్వించేది.

అయితే ఆ భయం మాత్రం మా ఇంట్లో నుంచి కదల్లేదు. అక్క దగ్గినా, అన్నం తక్కువ తిన్నా చేస్తున్న పని ఆపి ఆమె వైపు చూసేవాణ్ణి. రోజూ పొద్దున పనికి పోయే ముందు ఆమె అర్ర ముందు నిలబడి ప్రార్థన చేసేవాణ్ణి. ఇది పొగే కావాలి దేవా అని అడిగేవాణ్ణి. అక్క బీడీ తాగిన పాపమే కావాలి, జబ్బు కావద్దు అని నేను ప్రార్థిస్తున్నానని ఒకరోజు స్ఫురించి నోట మాట ఆగిపోయింది. ఇలాంటి ప్రార్థన ఎవరైనా చేశారా? ఆయన దీన్ని ఎలా వింటాడు? అయినా అదే అడిగాను.

మళ్లీ నెత్తురు తీసి పంపించారు. ఫలితం వచ్చిందని కబురు అందగానే ముగ్గురం, నేనూ అక్కా ఖైరున్నిసా, పొద్దుటి బస్సుకే బయలుదేరాం. జహూర్ సాబ్ మమ్మల్ని కూర్చోమని కూడా అనలేదు.

"దిగింది" అన్నారు. "బాగ దిగింది. ఆపరేషన్ అయిన కొత్తల ఎంత ఉండెనో గంత ఉన్నది."

నాకు వెంటనే అర్థం కాలేదు. "అంటే?"

"అంటే కోసుడు లేదు, పేతురూ. ఇంటికి తీసుకపో మీ అక్కను."

ఖైరున్నిసా రెండు చేతులూ ఆకాశం వైపు ఎత్తింది. నేను గోడకు ఆనుకున్నాను. అక్క మాత్రం అలాగే నిలబడి ఉంది. పెదవులు కదులుతున్నాయి.

"ఖుషీ అయిపోయిందని రాకుంట ఉండొద్దు మళ్ల" అన్నారు సాబ్. "కొన్నేండ్ల దాక చూస్తనే ఉండాలె. ఎట్లైన వచ్చిండ్రు, ఈ పూటనే ఇంకో సీసా తీసిపెడత. బొంబాయికి పోయేటోళ్లున్నరు."

అక్క కుర్చీలో కూర్చుని తనే చేయి చాపింది. సూది దిగినప్పుడు ఎప్పుడూ ముఖం పక్కకు తిప్పుకునే మనిషి ఈసారి తిప్పుకోలేదు. నెత్తురు సన్నగా గాజు గొట్టంలోకి వచ్చి నిండింది. సాబ్ దానిని కిటికీ పక్కన చెక్క స్టాండులో నిలబెట్టి వేరే రోగిని చూడడానికి వెళ్లారు.

"ఇగ పోదామా అక్కా? బస్సు టైమైతున్నది" అన్నాను.

"జరాగు తమ్మీ. గదేం చేస్తున్నదో సూసి పోదాం."

ముగ్గురం బెంచీ మీద కూర్చుని ఆ గొట్టం వైపే చూశాం. మొదట ఏమీ కనబడలేదు, ఎర్రగా ఉంది, మెల్లగా గడ్డకట్టింది, అంతే. కిటికీలో ఎండ నెమ్మదిగా జరిగింది. ఆ తరువాత గడ్డకట్టిన ఎరుపు పై అంచున సన్నని తేట మెరిసింది. ఎరుపు కొద్దికొద్దిగా కిందికి కుదించుకుంటోంటే, పైన లేత పసుపు రంగు నీరు చేరుతోంది. ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ కదిలించలేదు. దానంతట అదే వేరవుతోంది.

"అయ్యో, గిది నాలనే ఉండెనా?" అంది అక్క.

"అందర్ల ఉంటదమ్మా" అన్నారు సాబ్ అటునుంచి, తల తిప్పకుండానే.

ఖైరున్నిసా గొట్టాన్ని దగ్గరగా వేలితో చూపించబోయి వేలు వెనక్కి తీసుకుంది. అక్క ముందుకు వంగి, ఊపిరి తగిలితే చెదురుతుందేమోనన్నట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, చూస్తూ ఉండిపోయింది. బోధన్ బస్సు ఎప్పుడు వెళ్లిపోయిందో మాలో ఎవరికీ తెలియదు.